డా మరిడి ఇంకా బయటికి రాలేదు

ఆ సోమవారం ఉదయం లింగరాజు వేసుకున్న పథకంలో పాపమేమీ లేదు. దేవుడి దగ్గర దీపం పెట్టుకుని, ఏడింటికి బర్మా రేవుపట్నంలో, లమ్మడా పేటలోని ఇంటి ముందు నుంచి కారు తీయాలి. అదే వీధిలో బావమరిది వరసైన కోటిబాబునీ, చౌక్తడాలో తోటి ఉద్యోగులు సూర్యనీ ధనరాజ్‌నీ ఎక్కించుకోవాలి. ఎనిమిదింబావుకల్లా బోటాటౌంగ్ రేవు పక్కనున్న గోదాముల ఆవరణలో ఉండాలి. అక్కడ అతను సరుకు రసీదులు రాసే గుమస్తా. ఎనిమిదిన్నర దాటాక వేలిముద్ర పడితే ఆలస్యం కింద లెక్క. ఆ నెలలో అప్పటికే మూడు ఆలస్యాలు పడ్డాయి. నాలుగోది పడిన రోజున గేటు పాసు తన బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లిపోవాలని మేనేజరమ్మ డా సాండా పిలిచి మరీ చెప్పింది. ఆవిడ గొంతు పెంచకుండా చెప్పడంతో లింగరాజుకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆవరణ గేటు దగ్గర రెండు వరుసలుంటాయి. ఒకటి లారీల వరుస. నలుగురు లేని కార్లు కూడా అందులోనే నత్తలా నలభై నిమిషాలు పాకాలి. రెండోది నలుగురున్న కార్ల వరుస. కార్లు తగ్గితే లోపల చోటు మిగులుతుందని యాజమాన్యం ఈ మధ్యనే పెట్టింది. అందులో వచ్చినవాళ్ల పేర్లు పుస్తకంలో రాసుకుని, వెంటనే గేటు అడ్డకర్ర ఎత్తేస్తారు.

లింగరాజుది పాత జపాను హైబ్రిడ్ కారు. పెట్రోలు పొదుపుగా నడిపితే అద్దం కింద తెర మీద ఒక చిన్న పచ్చటి ఆకు వెలుగుతుంది. ఆ ఆకు కోసం అతను ఏసీ వేయడు, గట్టిగా బ్రేకు తొక్కడు, ఎవరినీ దాటిపోడు. బంకు దగ్గర గంటల తరబడి నిలబడ్డవాడికే ఆ ఆకు విలువ తెలుస్తుంది. ఒక్కడే నడిపినప్పుడు లీటరుకి ఇరవై నాలుగు కిలోమీటర్లు వచ్చేది. నలుగురి వరుస కోసం ముగ్గురిని ఎక్కించుకున్నాక అది పదహారుకి పడిపోయింది. అందులో కోటిబాబు ఒక్కడే ఇద్దరి బరువు. పైగా ఎక్కగానే ఏసీ మీట తనే నొక్కుతాడు. ఆకు పోయినా వేలిముద్ర వేళకి పడుతోంది కదా అని లింగరాజు మనసు సమాధానపరచుకున్నాడు.

ఆ ఉదయం కారు తీయబోతుంటే అత్తగారు సన్యాసమ్మ మరిడమ్మ తల్లిని ఎత్తుకుని మెట్లు దిగింది. గంజాం నుంచి ఓడ మీద తాతలు వెంట తెచ్చుకున్న వేపచెక్క విగ్రహం అది. కూర్చున్న మనిషి ఎత్తుంటుంది. రంగు పెచ్చులు లేచిపోతే, గోదాముల ఆవరణలో చెక్కపెట్టెలు చేసే బుల్లియ్యకి ఇచ్చి కొత్త రంగు వేయించాలని ఇంట్లో ఎప్పుడో అనుకున్నారు. ఈ రోజే మంచిరోజని మాత్రం లింగరాజుకి ఎవరూ చెప్పలేదు.

"డిక్కీలో పెడదామా అత్తా?" అన్నాడు లింగరాజు భయంభయంగా.

సన్యాసమ్మ అతని వైపు చూసిన చూపుకి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అమ్మవారిని పడుకోబెట్టకూడదు. కొత్త కళ్లు దిద్దేదాకా ముఖం ఎవరి కంటా పడకూడదు. అందుకే తలమీంచి మెడదాకా పసుపు గుడ్డ కప్పి, ఎర్రచీర కట్టి, వెనక సీటులో ఎడమపక్క కూర్చోబెట్టింది. సీటు మీద బరువు పడేసరికి కారు కుయ్ కుయ్‌మని మొదలుపెట్టింది. బెల్టు పెడితే గాని ఊరుకోలేదు. దణ్ణం పెట్టుకుని లింగరాజే అమ్మవారికి బెల్టు బిగించాడు. ఇది సేవో అపచారమో అతనికి తేలలేదు.

కోటిబాబు ముందు సీటులో ఎక్కాడు. చౌక్తడాలో సూర్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. ధనరాజ్‌కి జ్వరమట. సూర్య అమ్మవారి పక్కన ఒదిగి కూర్చుని, అలవాటు ప్రకారం నోరు తెరిచి నిద్రపోయాడు. టైము ఎనిమిది. నాలుగో మనిషి లేడు. లారీల వరుసలోకి వెళితే నాలుగో ఆలస్యం తప్పదు. లింగరాజు గడియారం వైపు మళ్లీ మళ్లీ చూశాడు.

"ఏటి బావా అంత గాబరా? నలుగురి వరుసలోకే పోనీ," అన్నాడు కోటిబాబు.

"ముగ్గురమే కదరా."

"ఎనక్కి తిరిగి సూడు. బెల్టు ఎట్టుకుని కూకున్నవాళ్లు ఎంతమంది?"

లింగరాజు తిరిగి చూడలేదు. చూస్తే తప్పని ఒప్పుకోవలసి వస్తుంది. స్టీరింగు మాత్రం దానంతటదే నలుగురి వరుస వైపు తిరిగినట్టనిపించింది.

గేటు దగ్గర ఊ తెయిన్ అనే ముసలి కాపలాదారు ఉంటాడు. చాలా మర్యాదస్తుడు. అతని గది గేటుకి ఎడమపక్కన, స్టీరింగు కారుకి కుడిపక్కన కాబట్టి అతను ముందుగా పలకరించేది ఎడమపక్కన కూర్చున్నవాళ్లనే. వంగి కారులోకి చూసి వేలితో తలలు లెక్కపెట్టాడు. నోరు తెరుచుకుని పడివున్న సూర్య కంటే నిటారుగా కూర్చున్న అమ్మవారే అతనికి మనిషిలా కనిపించి ఉంటుంది. ముఖం కప్పుకున్నారేం, పెద్దావిడకి ఒంట్లో బాగాలేదా అని బర్మా భాషలో అడిగాడు. లింగరాజు అవునన్నట్టు తల ఊపాడు. పేరేమిటని అడిగితే కోటిబాబు మరిడి అన్నాడు. ఊ తెయిన్ పెద్ద ఆడవాళ్లకి తగిలించే 'డా' గౌరవంగా ముందు చేర్చి, డా మరిడి అని పుస్తకంలో రాసుకున్నాడు. పెద్దావిడకి తన సీసాలోని వేడినీళ్లు ఇవ్వబోయాడు కూడా. కర్ర లేచింది.

ఎనిమిదీ పన్నెండుకి వేలిముద్ర పడింది. అమ్మవారిని షెడ్డులో బుల్లియ్యకి అప్పగించి వచ్చారు. గురువారానికి గాని పని అవదన్నాడతను. పగలంతా లింగరాజు రసీదులు రాస్తూనే ఉన్నాడు గాని, ఒకే ఆలోచన గిరగిరా తిరిగింది. నోటితో చెబితేనే అబద్ధమా? తల ఊపితే కాదా? అందులోనూ అమ్మవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఊపితే?

సాయంత్రం అయిదింటికి కారు గేటు దగ్గరికి వచ్చింది. ఊ తెయిన్ వంగి చూశాడు. ముగ్గురే ఉన్నారు.

"ఆవిడేరి?" అన్నాడు.

ఒక్కమాటలో నిజం చెప్పేస్తే అక్కడితో అయిపోయేదే. కాని తప్పుడు పేరు రాయించినవాడి గేటు పాసు ఏమవుతుందో లింగరాజుకి తెలుసు. ఎలా చెప్పాలా అని మాటలు కూడదీసుకుంటున్నాడు. ఈలోగా కోటిబాబు, ఆవిడ ముందే నడిచి వెళ్లిపోయిందనేశాడు. ఊ తెయిన్ మొహం పాలిపోయింది. పొద్దున్నుంచీ తను గేటు వదల్లేదు, ఎర్రచీర కట్టుకున్న ముసలావిడ ఎవరూ బయటికి రాలేదు. ఒంట్లో బాగాలేని మనిషి, ముఖం కప్పుకున్న మనిషి, దారి తెలియని మనిషి. లోపల ఇరవై గోదాములు, వాటి వెనక నది. అతను ఇంకేమీ అడగకుండా ఈల ఊదాడు.

గేటు మూసేశారు. బయటికి పోవలసిన లారీలూ కార్లూ వరుసగా ఆగిపోయాయి. కాపలాదారులు గోదాము తర్వాత గోదాము వెతకడం మొదలుపెట్టారు. ఎవరో ప్రమాదం గంట కూడా మోగించారు. లింగరాజు చెప్పేద్దామని నోరు తెరిచిన ప్రతిసారీ ఇంకో పెద్దమనిషి పరుగెత్తుకొచ్చేవాడు. కాపలాదారుకి చెప్పలేనిది వాళ్ల పెద్దకి ఎలా చెబుతాడు? పెద్దకి చెప్పలేనిది డా సాండాకి ఎలా చెబుతాడు? చూస్తుండగానే రేవు దగ్గర రెండు పడవలు దింపారు. వెదురు గడలతో నీళ్లలో పొడిచి చూస్తున్నారు. ఒక్కో పోటూ తన డొక్కలో దిగినట్టుంది లింగరాజుకి.

ఇది చాలదన్నట్టు, పాసు మీదున్న నంబరు చూసి ఎవరో ఇంటికి ఫోను చేశారు. మీ అల్లుడు కారులో తీసుకొచ్చిన పెద్దావిడ కనిపించడం లేదని చెప్పారు. సన్యాసమ్మకి వచ్చిన బర్మా మాటలు ఆ సంగతి అర్థం కావడానికి సరిపోయాయి. అల్లుడి కారులో వెళ్లింది అమ్మవారే కదా మరి. ముప్పావుగంటలో టాక్సీ దిగి, వేపమండ చేత్తో పట్టుకుని, గేటు ముందు గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో, మూడు తరాల నుంచి మమ్మల్ని కనిపెట్టుకున్న తల్లే. నీటిలో పడిపోనావేటే తల్లీ."

అంతవరకూ ఎక్కడో ఒకచోట నిద్రపోతూ ఉంటుందిలే అనుకున్నవాళ్లకి కూడా ఆ ఏడుపు విన్నాక ఆశ పోయింది. ఊ తెయిన్ కళ్లు తుడుచుకున్నాడు. వేడినీళ్లు బలవంతంగానైనా తాగించవలసిందని తనను తాను తిట్టుకున్నాడు. ఆ మాట విన్నాక లింగరాజు ఇక నిలబడలేకపోయాడు. తన ఉద్యోగం కోసం ఈ మంచిమనిషి ఏడవాలా? గేటు పాసు మెడలోంచి తీసి, చేత్తో పట్టుకుని, డా సాండా ముందుకి వెళ్లాడు.

"ఆవిడ మనిషి కాదండీ. మా ఇంటి అమ్మవారు. చెక్కబొమ్మ. బుల్లియ్య షెడ్డులో ఉంది. నలుగురి వరుస కోసం నేనే లెక్కలో కలిపాను."

పడవల మీది గడలు ఆగాయి. డా సాండా పాసు తీసుకోలేదు. షెడ్డు వైపు నడిచింది. బుల్లియ్య నాలుగింటికే తాళం వేసి ఇంటికి పోయాడు. మారుతాళంతో తెరిస్తే, చెక్కపెట్టెల మధ్య కుర్చీలో, పసుపు గుడ్డ కప్పుకుని డా మరిడి కూర్చుని ఉంది. ఒక కుర్రకాపలాదారు గుడ్డ ఎత్తబోతే సన్యాసమ్మ వేపమండతో చేతిమీద కొట్టింది. ఊ తెయిన్ గుమ్మం బయటే చెప్పులు విడిచి, చేతులు జోడించాడు.

డా సాండా అప్పటికీ గొంతు పెంచలేదు. ఈ పుస్తకంలో ఇలాంటి మనుషులు ఇంకెంతమంది ఉన్నారో చూద్దామంది. ఆవరణలో ఉన్నవాళ్లందరినీ వరుసగా నిలబెట్టి, నలుగురి వరుసలో వచ్చిన పేర్లు ఒక్కొక్కటే చదవమంది. ఆ పుస్తకం మొదలుపెట్టాక అలా చదవడం అదే మొదటిసారి.

ఊ తెయిన్ చదివాడు. కొందరు పలికారు. కొన్ని పేర్లకి ఎవరూ పలకలేదు. పలకని పేర్ల కార్ల యజమానులు తమ చెప్పుల వైపు చూసుకున్నారు. విషయం మెల్లగా బయటపడింది. దారిలో బస్సు కోసం నిలబడ్డవాళ్లనీ, టీ కొట్టు ముందు కూర్చున్న ముసలివాళ్లనీ గేటు దాకా ఎక్కించుకుని, లోపలికి రాగానే, గేటుకి కనపడని పక్కనున్న, నడిచివెళ్లే చిన్న తలుపులోంచి పంపించేస్తున్నారు. అలా పద్దెనిమిది పేర్లు తేలాయి. లింగరాజుకి తన భయం తగ్గిందో, అందరి భయమూ తనకే అంటుకుందో తెలియలేదు.

పంతొమ్మిదో పేరు దగ్గర ఊ తెయిన్ ఆగిపోయాడు. డా సాండా చదవమంది. అతను కారు నంబరు చదివి, ఊ బా మౌంగ్ అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. అది మేనేజరమ్మ కారు. ఆవిడ డ్రైవరు రేవులోని పడవల కేసి తదేకంగా చూస్తున్నాడు.

డా సాండా పుస్తకం మూసేసింది. తర్వాత లింగరాజు చేతిలోని పాసు చూసి, మెడలో వేసుకోమని సైగ చేసింది. పలకనివాళ్లలో, లోపలికి వచ్చినట్టు పుస్తకంలో ఉండి, నిజంగా లోపలే దొరికింది ఆ పెద్దావిడ ఒక్కతేనంది. రేపటి నుంచి ఒకటే వరుస అని చెప్పి వెళ్లిపోయింది.

గేటు తెరిచారు. ఊ తెయిన్‌కి మాత్రం ఒక చిక్కు మిగిలింది. డా మరిడి పేరు ఎదురుగా, బయటికి వెళ్లిన సమయం రాసే గడి ఖాళీగా ఉంది. ఏం రాయమంటారని సన్యాసమ్మనే అడిగాడు.

"గురువారం దాకా ఇక్కడే ఉంటాదని రాయి నాయనా. కళ్లు ఒచ్చాక ఎల్తాది," అందావిడ.

మర్నాడు లింగరాజు దీపం దగ్గర మామూలుకంటే ఎక్కువసేపు నిలబడి, ఒక్కడే బయలుదేరాడు. గేటు ముందు లారీల వెనక కార్లు, కార్ల వెనక లారీలు. నలభై నిమిషాల వరుస గంటన్నర అయింది. అడుగు కదిలి ఆగుతూ, ఇంజను అవసరమే పడక, బ్యాటరీతోనే కారు చప్పుడు లేకుండా పాకింది. తెర మీద పచ్చటి ఆకు వెలిగింది, మళ్లీ ఆరలేదు. టైము ఎనిమిదిన్నర దాటింది, తొమ్మిది దాటింది. అప్పుడు వెనక అద్దంలోకి చూశాడు. సరిగ్గా తన వెనక కారులో, డ్రైవరు పక్కన, చేతిలో టిఫిన్ డబ్బాతో డా సాండా కూర్చుని ఉంది.

ఆ రోజు ఆఫీసులో ఎవరికీ ఆలస్యం పడలేదు.