కొత్తవాడ జంపఖానా మీద చరిత్ర గమనం

చరిత్ర ఎటు పోతున్నదో తేల్చే భారాన్ని 1944 వానాకాలంలో వరంగల్ తన నెత్తికి ఎత్తుకున్నది. అంతకుముందు ఈ పని చేపట్టిన దేశాలు సరిగా చేయలేదని ఇక్కడి పెద్దమనుషుల అభిప్రాయం. పాపం, అవి యుద్ధంలో తలమునకలై ఉన్నాయి కనుక వాటిని తప్పుపట్టడం కూడా బాగుండదు.

అలా వెలసిన చరిత్ర తత్వ విచారణ సంఘంలో ముగ్గురు మేధావులుండేవారు. వకీలు రాజేశ్వర్ రావు గారి సిద్ధాంతంలో చరిత్ర బండిచక్రం, ఎంత తిరిగినా మొదటికే వస్తుంది. వారి కేసులు కూడా అలాగే నడిచేవి. బడిపంతులు శ్రీనివాస్ గారి చరిత్ర రైలుపట్టా, ముందుకు తప్ప పోదు. ధాన్యం వర్తకులు వెంకటరాజం గారు మాత్రం చరిత్రను మహాపురుషులే నడుపుతారని నమ్మేవారు. ఆ పురుషుడెవరో చెప్పడానికి వారికి వినయం అడ్డొచ్చేది. సభలు జరిగేది వారి కొట్టులోనే కాబట్టి ఎవరూ రెట్టించి అడగలేదు.

గోనెసంచుల మీద కూర్చుని నాగరికతల పతనాన్ని చర్చిస్తే పంచె కిందనుంచి గుచ్చుకుంటుంది. అందుచేత సంఘానికి కింద పరుచుకునే ఒక జంపఖానా కావాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ సంఘం ఏకగ్రీవంగా చేసిన తీర్మానం అదొక్కటే.

నేతగాళ్ల పేట కొత్తవాడలో మగ్గం నేసే మొగిలయ్య, కట్టమ్మ దంపతుల దగ్గర సరిగ్గా ఒక్క జంపఖానాకు సరిపడే నూలు మిగిలింది. యుద్ధం పేరిట నూలుకు కంట్రోలు వచ్చింది. కొత్త కోటా కావాలంటే పట్టణంలోని ఏదైనా సంఘం ‘వీరి నేత మాకు అవసరం’ అని రాసిచ్చిన కాగితం శనివారం సాయంత్రంలోగా సర్కారు కచేరీలో ఇవ్వాలి. లేకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గంతోపాటు పొయ్యీ ఆగుతుంది. ఆ ఒక్క వాక్యం రాసిస్తామని సంఘం మాటిచ్చింది. మొగిలయ్య ఉన్న నూలంతా మగ్గానికెక్కించాడు.

పెద్ద జంపఖానాను ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఎడమ సగం ఒకరిది, కుడి సగం ఒకరిది. నడుమ ఇద్దరి పోగులూ ఒకదానినొకటి పట్టుకోవాలి. ఈ సంగతి తెలుసుకున్న వకీలుగారు మొగిలయ్యను చాటుకు పిలిచి, ఎరుపుతో మొదలైన చారలు తిరిగి తిరిగి ఎరుపుకే రావాలన్నారు. పంతులుగారు దొడ్డిదారిన వచ్చి, వాడిన రంగు మళ్లీ వాడవద్దని కట్టమ్మను బతిమాలారు. వెంకటరాజం గారు నడుమ ఒక్క బొమ్మ చాలని, దాని మీసాలు ఎలా ఉండాలో కూడా చెప్పి పంపారు.

“ఏందే, నా దిక్కు మల్ల ఎరుపొస్తాంది, నీ దిక్కు పచ్చ పోతాంది?” అన్నాడు మొగిలయ్య.

“నీ వకీలు సాబ్ తిరుగుతాండు, నా పంతులు ఉరుకుతాండు. నడిమిట్ల సేటు మీసం. నువ్వు ఫికర్ చెయ్యకు, కాయితమొస్తె చాలు” అన్నది కట్టమ్మ. పోగులు కొట్టే పంజాలు కింద పెట్టి ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నాలుగో మూరకు కట్టమ్మ రంగులన్నీ అయిపోయి, పురోగతి అద్దకం లేని తెల్లనూలుతో సాగింది.

శనివారం మధ్యాహ్నం జంపఖానా పరిచారు. వకీలుగారు ఎడమ సగం మీద, పంతులుగారు కుడి సగం మీద, వెంకటరాజం గారు తమ మీసాల మీద ఆసీనులయ్యారు.

“సోదరులారా! ఎరుపు పోయింది, ఎరుపు వచ్చింది. రోములోనూ ఇంతే, ఓరుగల్లులోనూ ఇంతే!” అని వకీలుగారు గర్జించారు.

“కుడివైపు చూడండి! రంగుల మూఢనమ్మకాలన్నీ దాటి మానవజాతి స్వచ్ఛమైన తెలుపుకు చేరింది!” అని పంతులుగారు కన్నీళ్లు పెట్టుకున్నారు. చప్పట్లకు కొట్టులోని ఎలుకలు బజారున పడ్డాయి.

“సారూ, జర గా కాయితం మీద దస్కతు పెట్టుండ్రి. కచేరీ బందైతది” అన్నది గడపలో నిలబడిన కట్టమ్మ, రాయించి తెచ్చిన కాగితం చాపుతూ.

సంఘం వెంటనే కాగితం అందుకుని ‘అవసరం’ అన్న మాట దగ్గర ఆగింది. అవసరం చక్రంలా దానంతట అదే వస్తుంది కనుక రాయనక్కరలేదన్నారు వకీలుగారు. చేతిమగ్గం గతించిన దశ, దాన్ని అవసరమనడం మిల్లుయుగానికి ద్రోహమన్నారు పంతులుగారు, చేతిమగ్గం మీద నేసిన దానిమీద కూర్చునే. అవసరాలను మహాపురుషులే గుర్తిస్తారు కనుక పైన తమ పేరొక్కటే ఉండాలన్నారు వెంకటరాజం గారు. సవరణలు పడ్డాయి, సవరణలకు సవరణలు పడ్డాయి. దీపాలవేళకు ఒక్క వాక్యం పదకొండు పేజీలైంది. వివాదాస్పదమని ‘అవసరం’ ఒక్కటి తీసేశారు. అప్పటికి కచేరీకి తాళం పడింది.

“మీ చరిత్ర ఎటన్న పోనియ్యుండ్రి సారూ. మేమెటు పోవాలె?” అన్నది కట్టమ్మ.

ప్రశ్న చాలా లోతైనదని సంఘం ప్రశంసించి, దానిని వచ్చే ఏటి చర్చనీయాంశాల్లో చేర్చింది.

సోమవారం దంపతులు మగ్గానికి గోనెపట్టా కప్పి, మరిపెడ దిక్కు నాట్ల కూలికి నడిచిపోయారు. ఇరవయ్యేళ్లు పోగు పట్టిన వేళ్లు బురదలో దిగాయి. దీనితో తమ సిద్ధాంతం రుజువైందని ముగ్గురూ విడివిడిగా ప్రకటించారు.

చక్రమా, పట్టానా, మీసమా అని మీరు కూడా ఇప్పటికే మనసులో ఒక పక్షం ఎంచుకుని ఉంటారు. సిగ్గుపడకండి. జంపఖానా పెద్దది, ఇంకా చోటున్నది. వచ్చి కూర్చోండి.