సాయంత్రం పార్టీ

కొబ్బరి బేరాలు కుదిర్చే త్రిమూర్తులుగారికి లోకంలో మనుషులు రెండే రకాలు: కాయ అమ్మే రైతు, కాయ కొనే పార్టీ. ఆ రోజు పొద్దున్నే ముక్తేశ్వరంలో చెప్పులు తొడుక్కుంటూ, "రామచంద్రపురం వెళ్ళొస్తాను దుర్గా! సాయంత్రం పార్టీ ఉంది, వాకిలి శుభ్రం చేయించు" అని భార్యకి చెప్పి బస్సెక్కేశారు.

వెంకటదుర్గ గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఆ రోజు వాళ్ళ పెళ్ళిరోజు. ఇరవై రెండేళ్ళలో ఆయనకి ఒక్కసారీ గుర్తుండి చావలేదు. ఆమె గుర్తు చేసిందీ లేదు. అడిగి పెట్టించుకున్న ముద్దకి రుచేముంటుంది? అలాంటి మనిషి తనంతట తానే పార్టీ అనేసరికి ఆమెకి కళ్ళు చెమర్చాయి. వెంటనే గారెలకి పప్పు నానబోసింది.

"సాయంత్రం మా ఇంట్లో పార్టీ వదినగారూ, నాలుగు కుర్చీలు కావాలి" అని పక్కింటి కనకరత్నాన్ని అడిగింది. కనకరత్నం భర్త బుల్లిరాజు పంచాయతీ మెంబరు. అసలే ఎన్నికల రోజులు, ఆయనకి కలలో కూడా ఆ మాటకి ఒక్కటే అర్థం. "మూర్తులుగారు పార్టీ మారుతున్నారండోయ్!" అని ఊరంతా చాటాడు.

సాయంత్రానికి నాలుగు కుర్చీలు నలభై అయ్యాయి. మైకొచ్చింది, దండలొచ్చాయి. రెండు జెండాలవాళ్ళూ వచ్చి, మూర్తులుగారు మావాడంటే మావాడని వాకిట్లోనే వాదులాటకి దిగారు.

"ఆగండయ్యా!" అన్నారు రిటైరైన ఇంగ్లీషు మాస్టారు ఏసుదాసుగారు. "పార్టీ అన్న మాట పుట్టిందే భాగం అన్న అర్థంలో. భాగం పంచుకుంటే విందు, భాగాలైపోతే రాజకీయం."

"మరి ఇది ఏదండీ?" అన్నాడు బుల్లిరాజు.

"గారెల వాసనొస్తోంది. విందే."

అంతలో లారీ వచ్చి ఆగింది. త్రిమూర్తులుగారూ, కాయలు కొనే షావుకారు అబ్రహామూ దిగారు. "దుర్గా, పార్టీ..." అంటూనే త్రిమూర్తులుగారు తలెత్తి చూశారు. ఎదురుగా పెళ్ళినాటి పట్టుచీరలో భార్య. ఆ చీర చూశాకే తేదీ గుర్తొచ్చింది.

"కాయలెక్కడండీ?" అన్నాడు అబ్రహాము.

నిజం చెబితే ఊరందరి ముందూ ఆమె ముఖం ఎలా వాడిపోతుందో ఆయన ఒక్కసారి ఊహించుకున్నారు.

"కాయలు రేపు చూద్దాం. ఈవేళ మా పెళ్ళిరోజండి. భోంచేసి వెళ్ళండి" అన్నారు, మైకులోనే.

రెండు జెండాలవాళ్ళూ ఒకే బంతిలో కూర్చుని తిన్నారు. చివరి బంతిలో, భర్త ఆకులో గారె వేస్తూ దుర్గ నెమ్మదిగా అంది: "మధ్యాహ్నం లారీవాడు ఫోన్ చేసేడండి. కాయలెక్కడ ఎక్కించాలీ అని."

త్రిమూర్తులుగారు గారె ఆకులోనే వదిలేశారు. "అంటే... నీకు తెలుసా?"

"అప్పటికే పప్పు రుబ్బేసేను. ఈ చీర కట్టుకుంటేనైనా గుర్తొస్తుందేమో చూద్దామనుకున్నానండి."

"వచ్చింది కదా!"

"ఆయ్, వచ్చింది" అంటూ ఆమె ఇంకో గారె వేసింది.

మరుసటి ఏడు అదే రోజు పొద్దున్నే త్రిమూర్తులుగారు సిగ్గుపడుతూ, "సాయంత్రం పార్టీ" అన్నారు.

"లారీ ఎన్నింటికండీ?" అంది దుర్గ.