సీట్లో మనిషి లేని ఫోర్క్‌లిఫ్టు

అయ్యలారా, అమ్మలారా! బండికి డ్రైవరు అక్కర్లేదు. ఈ మాట పొద్దున కాఫీ తాగి, పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను. లోకంలో సగం గొడవలకు మూలం డ్రైవరు సీట్లో మనిషి ఉండడమే.

నమ్మకపోతే మా ఆత్మకూరు దగ్గరి సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీకి రండి. లారీలకు ఇటుకలు ఎత్తే ఫోర్క్‌లిఫ్టు గేటు దగ్గర తిరుగుతూ ఉంటుంది. సీటు ఖాళీ! దాన్ని నడిపే చంద్రమోహన్ గారు చెన్నైలో ఏసీ గదిలో స్క్రీన్ ముందు కూర్చుని ఉంటారు. ఆయనకు ఎండ తగలదు, దుమ్ము తగలదు, మన తిట్లు అసలే తగలవు.

ఇంతకుముందు ఈ బండిని అనంతసాగరం శీనయ్య నడిపేవాడు. ఎంత అవస్థ! అతనికి ఆకలేసేది. అల్లుడొస్తే సెలవడిగేవాడు. అమావాస్యనాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టందే బండి కదిలించేవాడు కాదు. చంద్రమోహన్ గారికి అమావాస్య లేదు. ఉదయగిరి కొండమీద మబ్బు పట్టి నెట్‌వర్క్ పోతే మాత్రం బండి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. దాన్ని సెలవు అనకూడదు, సిగ్నల్ లాస్ అనాలి. ఈ మాట తెలియక శీనయ్య ఎన్ని సెలవులు పోగొట్టుకున్నాడో పాపం.

ఇక తగాదాల సంగతి. గేటు పక్కన నాగులమ్మకు టీ బంకు ఉండేది. ఇంటిల్లిపాదికీ అదే కూడు. పోయినేడు శీనయ్య బండి వెనక్కి తీస్తూ ఆమె బల్ల విరగ్గొట్టాడు. మన పద్ధతి మీకు తెలుసుగా? నాగులమ్మ అతన్ని సీట్లోంచి కిందికి లాగి, ఏడు తరాలనూ తలుచుకుంది. అతను సాయంత్రానికి కొత్త బల్ల చేయించి తెచ్చి, దానిమీదే కూర్చుని టీ తాగాడు. ఎంత టైం వేస్టో చెప్పండి!

పది రోజుల కిందట అదే బండి ఏకంగా బంకునే పడగొట్టింది. స్టవ్వు, గ్లాసులు, పైన రేకులు అన్నీ నేలపాలు. బ్రేకు చెన్నైలో నొక్కారట. అది ఆత్మకూరు చేరేలోపు బంకు పడిపోయింది. నాగులమ్మ కొంగు దోపుకుని వచ్చి సీట్లోకి చెయ్యి చాపింది. పట్టుకుందామంటే ఎవరూ లేరు. కింద దాక్కున్నాడేమోనని వంగి కూడా చూసింది.

"ఏంది పెంచలయ్యా ఇది, గుద్దినోడు యాడుండాడు?" అని సెక్యూరిటీ అతన్ని అడిగింది.

"ఆ కెమెరాకి చెప్పుకో అక్కా. ఆయనకి కనపడతాది," అన్నాడతను.

చెప్పుకుంది. బండి స్పీకర్లోంచి చంద్రమోహన్ గారు ఎంతో మర్యాదగా, "మేడమ్, మీ కంప్లయింట్ రిజిస్టర్ అయింది," అన్నారు. పుట్టి బుద్ధెరిగాక నాగులమ్మను ఎవరూ మేడమ్ అనలేదు. టెక్నాలజీ ఇచ్చే గౌరవం చూశారా? ఆమె రోజూ వెళ్లింది, రోజూ అదే గౌరవం పొందింది. ఇంట్లో పొయ్యి మాత్రం వెలగలేదు.

నిన్న పొద్దున నాగులమ్మ బండెక్కి ఖాళీ సీట్లో కూర్చుని, ఆకువక్క వేసుకుంది. సీట్లో మనిషి ఉంటే దూరం నుంచి నడిపే వీల్లేకుండా కంపెనీవాళ్లే సేఫ్టీ కోసం ఒక ఏర్పాటు పెట్టారు. బండి కదల్లేదు.

"మేడమ్, దయచేసి దిగండి," అంది స్పీకరు.

"నువ్వొచ్చి దించు నాయనా. నేను యాడికీ పోను."

ఇటుకల కోసం వచ్చిన లారీలు సంగం రోడ్డు మీద బారులు తీరాయి. మధ్యాహ్నానికి చెన్నై నుంచి కారొచ్చింది. ముందు మేనేజరు దిగాడు, వెనక చంద్రమోహన్ గారు దిగారు. "బండి నడిపింది నేనేనమ్మా. పొరపాటైపోయింది," అన్నారాయన.

నాగులమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వేనా? ఈ మాట ఆ పొద్దే వచ్చి చెప్పుంటే ఇంత దూరం వచ్చేదా? ముందు నా బంకు నిలబెట్టు."

పొద్దు గుంకేలోపు బంకు లేచింది. అప్పటిదాకా ఆమె దిగలేదు.

అందుకే ఫ్యాక్టరీ యాజమాన్యానికి నా మనవి. శీనయ్యను మళ్లీ పిలవొద్దు, ఆ సీటు ఖాళీగానే ఉంచండి. మాకు నష్టం జరిగినప్పుడల్లా ఎక్కి కూర్చోవడానికి ఒక చోటుండాలి కదా!