ఎర్ర గీత మీద నీళ్లు

ఆ ఉదయం రామతులసి వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. పదకొండింటికి పరీక్షకుడు రామబ్రహ్మంగారు వస్తారు, హైడ్రాలిక్ జంప్ చూస్తారు, టీ తాగుతారు, పీహెచ్‌డీ థీసిస్ మీద సంతకం పెట్టి వెళ్లిపోతారు.

నరసరావుపేటలో ఆమె పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబులో పొడవాటి గాజు కాలువ ఉంది. మొదట్లోని గేటు కింద నుంచి పల్చగా దూసుకొచ్చే నీళ్లు ముందున్న నిదానపు నీళ్లకు గుద్దుకుని ఒక్కసారిగా పైకి లేస్తాయి, తెల్లగా నురగలు కక్కుతాయి; హైడ్రాలిక్ జంప్ అంటే అదే. ఆ నురగలో సన్నటి సూది పెట్టి, సెకనుకు ఎన్ని గాలిబుడగలు తగులుతున్నాయో మూడేళ్లుగా లెక్కపెడుతోంది రామతులసి. ఏం చేస్తున్నావని ఇంట్లోవాళ్లు అడగడం ఎప్పుడో మానేశారు.

ఈ జంప్ ఎక్కడైనా ముందుకీ వెనక్కీ జరుగుతూనే ఉంటుంది. ఎంత జరుగుతుందో కొలుద్దామని ఆమె గాజు మీద ఎర్ర గీత గీసింది. వింతేమిటంటే, మూడేళ్లలో అది గీత దాటలేదు. ఆ వింత మీద ఏకంగా ఒక అధ్యాయం రాసింది. రామబ్రహ్మంగారు నమ్మలేక స్వయంగా బయలుదేరింది అందుకే.

"బాబాయ్, సార్‌కి అల్లం టీ పట్టుకురా," అని అటెండర్ చెన్నకేశవులికి ఫ్లాస్కు ఇచ్చింది. సాగర్ కుడికాలువ మీద ముప్పై ఏళ్లు లస్కరుగా గేట్లు తిప్పి రిటైరైన మనిషి ఆయన. ల్యాబులో కూడా కాలువ చివరి గేటు చక్రం పక్కనే స్టూలేసుకుని కూర్చుంటాడు.

"నేనొచ్చిందాకా పంపు ఎయ్యబాకమ్మా."

రామబ్రహ్మంగారు వస్తూనే వాచీ చూసుకున్నారు. ఆమె పంపు వేసింది. జంప్ గీత మీద లేచి నిలబడింది. రెండు నిమిషాలకు జానెడు దిగువకు జరిగింది.

"కదులుతోందమ్మా," అన్నారాయన.

"వోల్టేజీ తేడా సార్," అని రామతులసి గబగబా చక్రం రెండు చుట్లు తిప్పింది. జంప్ వెనక్కి పరుగెత్తి మొదటి గేటు మీద పడింది. నురగ మాయమైంది, కంప్యూటర్ బుడగలు సున్నా అంది. కంగారులో మరో చుట్టు అటే తిప్పింది. నీళ్లు గాజు గోడ దాటి, బల్ల మీది థీసిస్‌ను తడిపి, రామబ్రహ్మంగారి బూట్లలోకి దిగాయి.

"ఏందమ్మా ఇది, చుట్లకు చుట్లు తిప్పుతన్నావు?" అప్పుడే వచ్చిన చెన్నకేశవులు ఫ్లాస్కు కింద పెట్టి చక్రం మీద అరచెయ్యి వేశాడు. వెనక్కి మూడు చుట్లు, ఆ మీద కూసింత అటు, కూసింత ఇటు. జంప్ వచ్చి గీత మీద బుద్ధిగా నిలబడింది.

"ఎన్నాళ్ల నుంచి తిప్పుతున్నావయ్యా?" అన్నారు రామబ్రహ్మంగారు.

"గీత గీసిన కాడ్నుంచి సార్. కాలవలో గీత పెట్టారంటే నీళ్లు ఆడ నిలపమనేగా. సూది ముట్టుకోబాకన్నది అమ్మ, ముట్టుకోలా."

రామతులసి స్టూలు మీద కూలబడింది. మూడేళ్ల కష్టం కళ్లముందే కొట్టుకుపోతున్నట్టనిపించి ఆమెకు ఏడుపొచ్చింది.

రామబ్రహ్మంగారు మేజోళ్లు పిండుకుంటూ నవ్వారు. "వింత అధ్యాయం తీసెయ్యమ్మా. బుడగల లెక్కకు మాత్రం ఢోకా లేదు. జంప్‌ను ఇంత కుదురుగా నిలబెట్టి లెక్కించినవాళ్లను నేను చూడలేదు. కాకపోతే వాడిన పరికరాలన్నీ రాయాలి." తడి కాగితం మీదే సంతకం పెట్టారు.

ఆ థీసిస్‌లో పరికరాల పట్టిక ఇప్పుడిలా ఉంది: గాజు కాలువ ఒకటి, పంపు ఒకటి, సూది ఒకటి, చెన్నకేశవులు ఒకరు.