నోరు విప్పని సెలెక్టర్

ఆ ఆదివారం పొద్దున మల్లేశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తాండూరులో ఏడున్నర రైలు ఎక్కాలి, వికారాబాద్‌లో దిగాలి, స్టేషన్ బయట రెండు ఇడ్లీలు తినాలి, గ్రౌండుకు పోయి కూతురు రుచిత ఆడే జిల్లా బాలికల ఫుట్‌బాల్ ఫైనల్ చూడాలి. ఇందులో తలకిందులు కావడానికి ఏముందని మీరు అనుకుంటారు. మల్లేశ్వర్ సంగతి తెలియదు కాబట్టి అనుకుంటారు.

తాండూరు శివార్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే ఒక కార్ఖానాలో ఆయన సూపర్‌వైజర్. అది పొట్టకూటికి. అసలు ఉద్యోగం మాత్రం ఫుట్‌బాల్ మీద అభిప్రాయాలు చెప్పడం. పోనీ ఎప్పుడైనా ఆడాడా అంటే అదీ లేదు. చిన్నప్పుడు ఒక్కసారి గోల్ ముందు నిలబడితే బంతి వచ్చి ముక్కు పగలగొట్టింది, అంతటితో సరి. కానీ అభిప్రాయాలకు ముక్కుతో పనేముంది? మారడోనా గొప్పా, మెస్సీ గొప్పా అని ఎవరైనా పొరపాటున అడిగారో, వాళ్ల చేతిలో చాయ్ చల్లారిపోవాల్సిందే. "రహీం సాబ్ కోచ్ ఉన్నప్పుడు మనోళ్లు ఒలింపిక్స్‌ల సెమీస్ దాక పోయిండ్రు. గా సాబ్ ఎవరనుకున్నరు? మన హైదరాబాదాయన! ఇప్పుడో? టీమున్నది, కోచున్నడు, ఆటనే లేదు!" అని మొదలుపెట్టేవాడు. అక్కడి నుంచి మాట తాండూరు అమ్మాయిల టీమ్ మీదికి, దాని కోచ్ సంతోష్ సార్ మీదికి దిగి, చివరికి గోల్‌కీపర్ దగ్గర ఆగేది. ఆ గోల్‌కీపర్ రుచితే.

"గీత మీద కడీ పాతినట్టు నిలబడ్తది. ముందుకు రాదు!" అనేది ఆయన నాలుగేళ్ల ఫిర్యాదు. కడీ అంటే చేను చుట్టూ కంచెకు పాతే రాతి స్తంభం. పాపం, రాళ్ల మధ్య బతికే మనిషికి కూతురును తిట్టడానికి కూడా రాయే దొరికింది.

పోయినేడు సెమీఫైనల్‌లో ఆయన సరిగ్గా గోల్ వెనక నిలబడి, "ముందుకురా బిడ్డా, ముందుకురా!" అని గొంతు చించుకున్నాడు. రుచిత ముందుకు వచ్చింది. బంతి ఆమె నెత్తి మీదుగా పోయి వలలో పడింది. ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు.

అందుకే ఈసారి పొద్దున ఆరింటికి టీమ్ వ్యాన్ ఎక్కే ముందు రుచిత తండ్రి కుడిచెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"నా మీద ఒట్టు నాన్నా. మ్యాచ్ అయిపోయి నేను చెప్పేదాక ఒక్క మాట మాట్లాడొద్దు."

"గ్రౌండ్ల కదా? సరే తియ్."

"గ్రౌండ్ల కాదు. గడప దాటిన కాడి నుంచి. రైల్ల షురూ చేస్తే నువ్వు గ్రౌండ్ల ఆపుతవా?" రుచిత ఆ చెయ్యి వదల్లేదు. "హైదరాబాద్ నుంచి సెలెక్టర్ వస్తున్నరట. ఎవరో ఎవలకు చెప్పరట, మామూలు మనిషి లెక్క వచ్చి కూసుంటరట. స్టేట్ క్యాంపుకు మొత్తం మీద ఒక్కరినే తీస్కుంటరు. వచ్చేయేడు నాకు వయసు దాటిపోతది. ఇగ ఇదే ఆఖరు."

భార్య అశ్విని టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ, "బిడ్డ నెత్తి మీద పెట్టిన ఒట్టు. తప్పితే తగిలేది నీకు కాదు, దానికి. యాదుంచుకో" అంది.

మల్లేశ్వర్ జాతకాలూ ముహూర్తాలూ నమ్మే మనిషి కాదు. ఒట్టు మాత్రం వేరు. అందులోనూ బిడ్డ మీద ఒట్టు. ఆయన తలూపి, గడప దాటి, నోరు మూశాడు.

రైల్లో ఎవరో ఇద్దరు ముందటి రోజు ఇండియా ఓడిన ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి మాట్లాడుకుంటూ, కోచ్ తప్పేమీ లేదన్నారు. తప్పేమీ లేదట! మల్లేశ్వర్‌కు గొంతు దాకా వచ్చింది. మింగాడు. ధారూర్ దాటేసరికి కడుపు ఉబ్బినట్టయింది. వికారాబాద్‌లో దిగాక రెండు వేళ్లు చూపించి ఇడ్లీలు తిని, పక్క దుకాణంలో వేలు పెట్టి చూపించి ఒక నోటుబుక్కూ పెన్నూ కొన్నాడు. మాట్లాడొద్దంది గానీ రాయొద్దనలేదు కదా!

గ్రౌండులో ఆయన ఒక మూల మెట్టు మీద ఒంటరిగా కూర్చున్నాడు. తాండూరుకూ వికారాబాద్‌కూ ఆట మొదలైంది. చుట్టూ జనం అరుస్తున్నారు, ఈలలు వేస్తున్నారు. ఆయన మాత్రం చప్పట్లయినా కొట్టకుండా, పళ్లు కొరుకుతూ, తల అడ్డంగా ఊపుతూ పేజీలకు పేజీలు నింపుతున్నాడు.

టోర్నమెంట్ కమిటీ సెక్రటరీ హనుమంతు పొద్దున్నుంచి సెలెక్టర్ ఎవరా అని గాలించి గాలించి పరేషాన్ అయి ఉన్నాడు. ఆయన కన్ను ఈయన మీద పడింది. అరవడు, నవ్వడు, ఎవరితో కలవడు, రాసుకుంటాడు. ఇంకేం కావాలి? పరుగున వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"సార్, మీరు హైదరాబాద్ నుంచే కదా?"

మల్లేశ్వర్ గట్టిగా తల అడ్డంగా ఊపాడు.

"సమజైంది సార్. చెప్పొద్దని ఉంటది మీకు. మేమేమన్న చిన్నపిలగాండ్లమా?"

మల్లేశ్వర్‌కు ఒళ్లు మండింది. నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, 'నేను సెలెక్టర్‌ను కాను. తాండూరు వాణ్ని' అని రాసి చేతిలో పెట్టాడు. హనుమంతు దాన్ని రెండుసార్లు చదివి, భద్రంగా మడిచి జేబులో పెట్టుకుని, పక్కవాడి చెవిలో, "పక్కా ఈయననే. కానోడు కాగితం రాసిస్తడా?" అన్నాడు.

ఇక ఆపేవాడెవడు? చూస్తుండగానే మల్లేశ్వర్‌ను షామియానా కిందికి నడిపించి, పెళ్లికొడుకు కూర్చునే ఎర్ర కుర్చీలో కుదేశారు. మెడలో శాలువా పడింది. పక్కన కూలర్ తిరిగింది. ఒక చేతిలో కొబ్బరిబోండాం పెట్టారు. బొంరాస్‌పేట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, తాండూరు టీమ్‌లో ఏడో నంబరు పిల్ల తండ్రి, గంపెడు సీతాఫలాలు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టి, "తోటల పండినయి సార్. జర పిల్లను చూడున్రి" అన్నాడు. ఒక్క మాటతో తేలిపోయే సంగతి! ఆ ఒక్క మాట చెప్పడానికే లేదు. మల్లేశ్వర్ లేవబోయినప్పుడల్లా నలుగురు భుజాలు పట్టి మళ్లీ కూర్చోబెట్టారు.

ఇంతలో మామూలు నూలు చుడీదార్ వేసుకుని, భుజానికి సంచీ తగిలించుకున్న ఒకావిడ ఎండకు తాళలేక షామియానా నీడకు వచ్చింది. హనుమంతు చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కా, గిది సెలెక్టర్ సార్ కోసం ఏసింది. జర గటు పో." ఆవిడ ఎర్ర కుర్చీలో ఉన్న మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి, నవ్వుకుని, వెళ్లి మెట్ల మీద ఆడవాళ్ల మధ్య కూర్చుంది.

సగం ఆట ముగిసింది. గోల్స్ లేవు. రుచిత రెండు మంచి బంతులు ఆపింది. ఆపినా సరే, గీత మీద నిలబడే ఆపింది కాబట్టి మల్లేశ్వర్‌కు తృప్తి లేదు. ఆయన కొబ్బరినీళ్లు తాగుతుండగా హనుమంతు ఆయన ఒళ్లోని నోటుబుక్కు తీసుకుని, మైకు ముందుకు వెళ్లాడు.

"గౌరవనీయులైన సెలెక్టర్ సార్ రాసిన రిపోర్టు! అందరు ఇనున్రి! తాండూరు టీమ్. తొమ్మిదో నంబరు: గోల్ కనబడంగనే తన్నుడే, పక్కోళ్లకు పాస్ ఇయ్యది. ఏడో నంబరు: ఉరుకుడు మస్తు, ఆలోచన సున్న."

మల్లేశ్వర్ బోండాం పారేసి లేచి, వద్దు వద్దని రెండు చేతులూ పైకెత్తి ఊపాడు.

"సార్ ఇంక గట్టిగ చదువుమంటున్నరు!" అని హనుమంతు గొంతు పెంచాడు. "కోచ్: గెలుస్తమో ఓడ్తమో ఫికర్ లేదు, బెంచీ మీద కూసొని పల్లీలు తింటున్నడు. ఒకటో నంబరు గోల్‌కీపర్: కడీ పాతినట్టు గీత మీదనే ఉన్నది. ముందుకు రాకపోతే పనికి రాదు."

బొంరాస్‌పేట పెద్దమనిషి నిశ్శబ్దంగా వచ్చి తన సీతాఫలాల గంప ఎత్తుకుపోయాడు. అవతలి వైపు, షామియానాలోని ముఖాలు పోల్చలేనంత దూరాన, బెంచీ దగ్గర సంతోష్ సార్ చేతిలోని పల్లీలు కింద పోసి, పిల్లల్ని దగ్గరికి పిలిచాడు. ఇన్నాళ్లూ ఎవరు ఏమన్నా తన పద్ధతి మార్చుకోని మనిషి, సెలెక్టర్ మాట అనేసరికి హడలిపోయాడు. "సార్ చెప్పినట్టే ఆడున్రి. రుచితా, నువ్వు ముందుకురా" అన్నాడు.

ఒక్కసారైనా అరవకుండా, మల్లేశ్వర్ అభిప్రాయాలు మొదటిసారి ఊరంతా వినబడ్డాయి. మొదటిసారి ఒక టీమ్ మొత్తం వాటిని పాటించింది కూడా. ఫలితం చూడండి. తొమ్మిదో నంబరు గోల్ ఎదురుగా ఉన్నా తన్నకుండా ఏడుకు పాస్ ఇచ్చింది. ఏడు ఉరకడం మానేసి నిలబడి ఆలోచించింది. వికారాబాద్ పిల్ల ఆ బంతి లాక్కుని తల ఎత్తి చూస్తే, తాండూరు గోల్‌కీపర్ గ్రౌండు నడుమ దాకా వచ్చి ఉంది. అక్కడి నుంచే తన్నింది. రుచిత నెత్తి మీదుగా, పోయినేడు పోయినట్టే, బంతి ఖాళీ గోల్‌లోకి దొర్లింది.

మల్లేశ్వర్ శాలువా నోట్లో కుక్కుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. బిడ్డకు ఇది ఆఖరు అవకాశం, దాన్ని తన చేతి రాతే కాలరాసింది.

రుచిత బంతి తెచ్చుకోవడానికి వల దగ్గరికి నడిచింది. అప్పుడు తట్టింది ఆమెకు. కడీ. హైదరాబాద్ సెలెక్టర్‌కు కడీ ఎట్లా తెలుసు? గిర్రున తిరిగి షామియానా వైపు చూసింది. ఎర్ర కుర్చీ, కూలర్, శాలువా, మధ్యలో నాన్న.

"ఓ సంతోష్ సార్! గాయన సెలెక్టర్ కాదు, మా నాన్న!" అని ఆమె అరిచిన అరుపు స్టేషన్ దాకా వినబడి ఉంటుంది. "ఎవ్వరు ఇనకున్రి! మన ఆట మనం ఆడుదం!"

తొమ్మిదో నంబరు ఇక ఎవరి వైపూ చూడలేదు. గోల్ కనబడగానే తన్నింది. ఒకటి ఒకటి. ఆట అట్లాగే ముగిసి పెనాల్టీ కిక్కులకు వచ్చింది. నాలుగేసి కిక్కుల్లో అందరూ గోల్సే కొట్టారు. ఐదోది కూడా తాండూరు పిల్ల గోల్ కొట్టింది. ఇక వికారాబాద్ చివరి కిక్కు.

షామియానాలో ఆయన చుట్టూ ఇప్పుడు ఎవరూ లేరు. కూలర్ కూడా తీసుకుపోయారు. మల్లేశ్వర్‌కు మాత్రం ఆ తన్నబోయే పిల్ల కాలు చూడగానే తెలిసిపోయింది. కుడికి! కుడికి దూకు బిడ్డా! మాట పళ్ల దాకా వచ్చింది. తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. పొద్దున ఆ చెయ్యి ఎక్కడ పెట్టాడో గుర్తొచ్చి రెండు చేతులతో నోరు అదిమిపెట్టుకున్నాడు.

రుచిత కుడికి దూకలేదు. ఎడమకూ దూకలేదు. గీత మీద, నడుమన, కదలకుండా నిలబడింది. బంతి సూటిగా వచ్చి ఆమె గుండెలకు తగిలి చేతుల్లో ఆగింది.

తాండూరు గెలిచింది. గోల చల్లబడ్డాక నూలు చుడీదార్ ఆవిడ మెట్లు దిగి వచ్చి, హనుమంతు చేతిలోంచి మైకు తీసుకుంది. "నా పేరు నాగరాణి. సెలెక్టర్‌ను నేనే. ఒకటో నంబరు, రుచిత." హనుమంతు ఎర్ర కుర్చీ ఎత్తుకుని ఆవిడ వెనక పరుగెత్తాడు.

నాగరాణి కుర్చీ వైపు చూడకుండా నోటుబుక్కు అడిగి తీసుకుంది. నాలుగు పేజీలు తిప్పి మల్లేశ్వర్ దగ్గరికి వచ్చింది. "తొమ్మిది గురించి, ఏడు గురించి నేను గుడ ఇదే రాసుకున్న. కోచ్ పల్లీలు గుడ రాసుకున్న. మంచి కన్నే ఉన్నది మీకు. ఒక్క గోల్‌కీపర్ కాడనే తప్పినయ్ మీ లెక్కలు. కదలకుంట నిలబడుడు అందరికి రాదన్నా. ఇన్నేండ్ల సంది బిడ్డను ఇంట్లనే పెట్టుకొని చూడలేదా?"

మల్లేశ్వర్ ఆవిడ చేతిలోంచి నోటుబుక్కు అందుకుని, గోల్‌కీపర్ మీద రాసినదంతా కొట్టేశాడు.

సాయంత్రం రైల్లో రుచిత కప్పు ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఎదురుగా తండ్రి, ఇంకా మెడలో శాలువాతో, తడి కళ్లతో ఆమెనే చూస్తున్నాడు. ఆమెకు జాలేసింది.

"ఒట్టు తీసి గట్టున పెడుతున్న నాన్నా. ఇగ మాట్లాడు."

మల్లేశ్వర్ గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాదే బిడ్డా. నీకంటే మంచి కీపర్‌ను నేను చూడలే. నా మాట ఇనకు, ఎన్నడు ఇనకు" అన్నాడు. రుచిత కళ్లు తుడుచుకుంది. ఆయన ముందుకు వంగాడు. "గాని ఆ ఆఖరి కిక్కు ఉన్నది చూడు, దానికి నువ్వు జర కుడికి…"

ధారూర్ స్టేషన్ రాకముందే రుచిత ఆయన చెయ్యి తీసి మళ్లీ తన నెత్తి మీద పెట్టుకుంది.