పైడిరాజు పీట తిప్పిన వైనం

కొల్లేటి నడుమ కొలువైన పెద్దింట్లమ్మకు మ్రొక్కి, మ్రొక్కినవానిని మధ్యలో ముంచవద్దని మరల మ్రొక్కి చెప్పుచున్నాను, వినుడు! అది విళంబి నామ సంవత్సరము, కార్తీకమాసము. ఊరివారు చేపలు మాని శివనామము పట్టినను కలకత్తావారు మానలేదు. కావున భీమడోలు స్టేషను చెంత, మంచుగడ్డల శిఖరములతో రెండవ హిమాచలమో యన్నట్లున్న చేపల షెడ్డులో, గోనెపట్టావిదారణప్రచండుడును, పురికొసపాశధరుడును, సుబ్బాయమ్మాప్రాణవల్లభుడును అగు పైడిరాజు పీటపై ఆసీనుడై, దబ్బనము చేబూని, కొరమేను గంపలకు గోనెమూతలు కుట్టుచుండెను.

ముళ్ళజెల్ల చేప పొడిచినను "పోనిద్దూ" అనుకొను ధీరుడతడు. అతని శత్రువు ఒక్కటే: వీపు వెనుకనుండి వచ్చు మాట.

షెడ్డు యజమాని వెంకట్రాజుగారు మహామర్యాదస్థులు. దారికడ్డమైన ఎద్దునైనను "తమరు కాస్త జరగండి" అనునంతటివారు. తిట్టరు, కొట్టరు, కేకవేయరు. చప్పుడు కాకుండ వెనుకకు వచ్చి నిలిచి, చెవి దగ్గర వెన్నపూస వంటి గొంతుతో, "పైడిరాజూ, అయిందాండీ?" అందురు. అంతే! దబ్బనము గోనెను విడిచి బొటనవ్రేలిలో దిగును. గంపకొక ప్రశ్న, ప్రశ్నకొక పోటు.

ఇంటికడ అన్నము కలుపుకొనుచు కూడ అతడు ఉలికిపడి "అయిపోవచ్చిందండీ" అనసాగెను. సుబ్బాయమ్మ కంట తడి పెట్టి, "ఏవయ్యా, ఇలాగైతే పిచ్చెక్కుద్ది. ఆ పని మానెయ్యి" అనెను. మానిన కూడెట్లు? పైగా కుట్టుపనియన్న అతనికి ప్రాణము. ఆ ప్రాణమే చేయి జారునట్లుండెను.

అట్టితరి ఫ్యాక్టరీల ఇనస్పెక్టరు జగ్గారావు, టోపీయే కిరీటముగా, పనివారికి పొంచియున్న అపాయములను కనుగొన ఏలూరునుండి వేంచేసెను. తడినేల చూచెను, మంచు కోయు రంపము చూచెను, పైడిరాజు వ్రేలి గుడ్డకట్టు చూచి, "ఇక్కడ నీకేం ఇబ్బందయ్యా? భయపడకుండా చెప్పు" అనెను.

ఆహా! పైడిరాజు హృదయరణరంగమున భేరులు మ్రోగెను. "ఓరీ నాలుకా! ఇన్నాళ్ళు నా యుప్పు తింటివి. దోషము దబ్బనమునది కాదు, నా వీపు వెనుకనుండి వచ్చు మాటదని నేడైనను గర్జింపుము!" అని లోలోపల సింహనాదము చేసి, రొమ్ము విరిచి, నోరు తెరచి పలికెను:

"ఏం లేదండీ. ఆయ్."

వెంకట్రాజుగారు ప్రక్కనే చిరునవ్వు నవ్వుచుండిరి మరి! కాలువ నీళ్ళు త్రాగిన గొంతులో పెద్దలపై ఫిర్యాదు చేపముల్లువలె అడ్డుపడును. ఇనస్పెక్టరు వ్రేలికి తోలుతొడుగు వేసుకొమ్మని సెలవిచ్చి, టీ త్రాగి వెడలిపోయెను. తొడుగు వచ్చెను. దాని వెనుకనే "అయిందాండీ?" వచ్చెను. దబ్బనము తొడుగు లేని వ్రేలిని వెదకి మరీ పొడిచెను.

మరునాడు పైడిరాజు పనిలోనికి వచ్చుచునే, ముక్కోటి దేవతలను తలచి, పీటను రెండు చేతుల పైకెత్తి, ప్రళయకాలచక్రమువలె గిర్రున త్రిప్పి, వీపు గోడకు ఆనించి, గుమ్మమువైపు మొగము పెట్టి కూర్చుండెను. షెడ్డులో రంపము ఆగెను.

వెంకట్రాజుగారు వచ్చిరి. వెనుకకు పోవ చోటు గానక తెల్లబోయి, "ఇదేవిటండీ, ఇలా తిరిగారు?" అనిరి.

"మరేనండీ, ఇన్నాళ్ళూ తమరికి వీపు చూపించి కూర్చున్నానండీ. పెద్దోరి దగ్గర అది మర్యాద కాదు కదండీ. ఆయ్."

మర్యాద మాట వచ్చిన పిదప ఆయన మాత్రమేమి చేయగలరు? ఇరువురు ముఖాముఖి నిలిచిరి. ఆ వ్రేళ్ళ కట్లను ఆయన తేరిపార చూచుట అదే మొదలు. మనిషి కన్నులలోనికి చూచుచు "అయిందా" అనుట ఆయనకు చేతకాలేదు. "అ..." అనిరి. "అన్నం తిన్నారాండీ?" అనిరి.

"తిన్నానండీ."

వెంకట్రాజుగారు మెల్లగా పోయి మంచుగడ్డలవంక చూచుచు నిలుచుండిరి. బండి కూతవేయువేళకు గంపలన్నియు సిద్ధమై యుండెను. వ్రేలికి కొత్త పోటు లేదు.

నాటి సాయంకాలము పైడిరాజు భోజనము చేయుచుండగా, సుబ్బాయమ్మ పులుసుగిన్నెతో వెనుకనుండి వచ్చి, మరచి, "అయిందా?" అనెను. అని నాలుక కరచుకొనెను.

అతడు ఉలికిపడలేదు. "ఇంకా కాలేదు. కాస్త పులుసు పొయ్యి" అనెను.

జనులారా, వింటిరా! కొల్లేటి సీమలో ఒక మానవుడు "ఇంకా కాలేదు" అని నిబ్బరముగా పలికిన శుభఘడియ అది. పీటకు జయము! దానిని త్రిప్పిన చేతులకు జయము! సుబ్బాయమ్మ పులుసు పోసెను.