పుల్లమ్మ ఇంట్లో మీట ఏకాహం

మంగళవారం తెల్లారేసరికి సుచరిత బుగ్గ ఒకవైపు బూరెలా పొంగింది. మార్కాపురం పోయి ఆ పన్ను పీకించుకు రావాల్సిందేనని ఇంట్లో అందరూ తీర్మానించారు. అందరూ అంటే అవ్వ పుల్లమ్మ ఒక్కతే. అమ్మా నాయనా చీకటితోనే మిరప కోతకు వెళ్లిపోయారు. పోవడానికి బస్సుంది, పీకడానికి డాక్టరున్నాడు. చిక్కంతా బల్ల మీదున్న లాప్‌టాప్‌తోనే.

సుచరిత బేస్తవారిపేటలో ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీకి పని చేస్తుంది. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు, ఆ ఆరు నెలలూ ఆ రోజుతో నిండుతాయి. ఉద్యోగం ఉందో ఊడిందో సాయంత్రం ఐదింటికి మేనేజర్ అశోక్ ఫోన్ చేసి చెబుతాడు. సరిగ్గా ఆ రోజే, కంపెనీ పెద్ద కంప్యూటర్‌లో పాత కాగితాలన్నీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయించే పని ఆమె మీద పడింది. ఆమె ఇక్కడి నుంచే అందులోకి లాగిన్ అయి ఆ పని మొదలుపెట్టింది. అయితే పది నిమిషాల పాటు ఎవరూ మీట తాకకపోతే, మనిషి లేచిపోయిందనుకుని ఆ కంప్యూటర్ బయటికి గెంటేస్తుంది. మోత సగంలో ఆగిపోతుంది.

“అవ్వా, ఐదు నిమిషాలకొకసారి ఈ పొడుగు మీట నొక్కు. ఇంకేదీ తాకొద్దు. నేనొచ్చేదాంక ఆపొద్దు. నెట్టు నా ఫోన్లోంచే వస్తుంది కాబట్టి దాన్ని ఈడనే పెట్టిపోతాండా.”

“మోగితే?”

“ఎత్తొద్దు. మాటల్లో పడి మీట మర్చిపోతావు.”

“నేనెప్పుడు మాటల్లో పడినానే?” అని పుల్లమ్మ మొదలుపెట్టి, పెళ్లినాటి నుంచి తాను మితంగా మాట్లాడిన సందర్భాలన్నీ వరసగా చెప్పుకొచ్చింది. ఆ బస్సు వెళ్లిపోయింది. సుచరిత తర్వాతి బస్సెక్కింది.

తొమ్మిదింటి దాకా అంతా సవ్యంగానే జరిగింది. అప్పుడు దొడ్లో గొర్రె ఈనడం మొదలుపెట్టింది. అది తొలిచూలు గొర్రె, మనిషి పక్కన లేకపోతే బెదురుతుంది. పుల్లమ్మ కిటికీలోంచి పక్కింటి లీదియాను కేకేసింది.

“లీదియా, బిరీన రా! ఈడ పొడుగు మీట ఆగితే మా పాప ఉద్యోగం పోతాది!”

లీదియా చేతిలో చాట అట్లాగే పట్టుకుని వచ్చింది. సంగతి విని తల ఊపింది. “ఇది ఒకరితో అయ్యేది కాదు పిన్నమ్మా. మా చర్చిలో గొలుసు ప్రార్థనకు గంటకొకరు పేరు రాసుకుంటాం. అట్ల వంతులేద్దాం.” పలక తెప్పించి పేర్లు రాసింది. ఎదురింటి వెంకటలక్ష్మమ్మకు రాత్రీ పగలూ ఆగకుండా సాగే భజన ఏకాహంలో ముప్పయ్యేళ్ల అనుభవం. ఆమె ఒక సవరణ చేసింది. “ఒక జట్టు గొంతు ఆగకముందే ఇంకో జట్టు అందుకోవాల. ఈడ కూడా అంతే. వచ్చేటామె వేలు పడినాకనే పోయేటామె వేలు తియ్యాల.”

పదకొండింటికి పదమూడు మంది పోగయ్యారు. అదే సమయానికి తెర మీద గబగబా పారుతున్న అక్షరాలు నిలిచిపోయాయి.

“అయ్యో, ప్రాణం కొట్టుకోవట్లేదే!” అంది వెంకటలక్ష్మమ్మ.

“నిదరబోతుందేమో, గట్టిగా నొక్కండి!” అని పుల్లమ్మ ఈనిన గొర్రెను వదిలి దొడ్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఇక ఐదు నిమిషాల లెక్క పోయి, నిమిషానికొక నొక్కు మొదలైంది.

ఆడవాళ్లు వంతులేసుకుని కూర్చున్నారని విని, పుల్లమ్మ మరిది కాటమరాజు హార్మోనియం పట్టుకుని వచ్చాడు. “ఏకాహం పెట్టి నాకు చెప్పలేదేంది వదినా?” అని అలిగాడు. అలిగిన మనిషిని వెనక్కి పంపలేక ఒక మూల చాప వేశారు. భజన ఎత్తుకున్నాక ప్రసాదం లేకపోతే బాగుండదని పులిహోరకు ఎసరు పెట్టారు.

ఫోన్ మాత్రం పన్నెండింటి నుంచి మోగుతూనే ఉంది. ముప్పై ఒకటోసారికి పుల్లమ్మ ఓర్పు చచ్చిపోయింది.

“ఎవరు నాయనా నువ్వు, పనీపాటా లేదా?”

“అమ్మా, నేను సుచరిత మేనేజర్ అశోక్‌ని. దయచేసి ఆ కీబోర్డు వదిలేయమని ఆమెకు చెప్పండి!”

“మా పాప చెప్తే వదుల్తాం. నువ్వు చెప్తే ఎట్ల వదుల్తాం?”

“పని పదకొండింటికే అయిపోయిందమ్మా! కంప్యూటర్ ఆపి మళ్లీ వేయాలి. పని చేస్తున్న మనిషిని మధ్యలో గెంటకూడదని మాకు రూలు. అందరూ బయటికొచ్చారు, మీ సుచరిత ఒక్కతే ఆగకుండా పని చేస్తున్నట్టు చూపిస్తోంది. మూడొందల మందిమి చేతులు కట్టుకుని కూర్చున్నాం! పోనీ పాస్‌వర్డ్ చెప్పండి, నేనే మూసేస్తాను.”

పుల్లమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. “ఓరి నీ పాసుగూల! అది అడిగేటోడు దొంగోడని బ్యాంకోళ్లు మా ఊర్లో మైకు పెట్టి చెప్పిపోయినార్రా! ఆడపిల్ల ఊర్లో లేదని తెలిసి చేసినావా? నాకు తెలీదు, తెలిసినా చెప్పను. పెట్టేయ్!”

మూడింటికి సుచరిత నోటినిండా దూదితో దిగింది. గడపలో పద్నాలుగు జతల చెప్పులు, ఇంట్లో భజన, లాప్‌టాప్ మీద వెంకటలక్ష్మమ్మ వేలు. ఆ తెర మీద ఆగిన అక్షరాలు చూడగానే పని ఎప్పుడో అయిపోయిందని ఆమెకు అర్థమైంది. “ఊఊ! ఊఊ!” అని రెండు చేతులూ ఊపింది.

“ఇంకా బిరీన నొక్కమంటాంది!” అంది లీదియా.

ముగ్గురు కలిసి నొక్కారు. సుచరిత వాళ్లను తోసుకుని పోయి, లాగౌట్ చేసి, నేల మీద కూలబడింది. పుల్లమ్మ చెప్పిందంతా విన్నాక ఏడుపొచ్చింది కానీ, దూది వల్ల అది కూడా సరిగ్గా రాలేదు.

ఐదింటికి ఫోన్ మోగింది. సుచరితకు నోరు తిరగదు కాబట్టి స్పీకర్‌లో పెట్టి పుల్లమ్మ అందుకుంది. ఈసారి మాట్లాడింది అశోక్ కాదు, కంపెనీలో దొంగలు పడకుండా చూసుకునే పెద్దాయన, పేరు జాషువా.

“సుచరితా, మధ్యాహ్నం ఫోన్లో మీ ఇంటి భజన నేనూ విన్నాను. నీ కుర్చీలో ఊరందరినీ కూర్చోబెట్టడం తప్పు. దానికి హెచ్చరిక కాగితం వస్తుంది.”

పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “బాబూ, తప్పు నాది. పిల్ల పొట్ట కొట్టొద్దు.”

“వినండమ్మా. పోయిన వారం నేను దొంగ పేర్లతో మా వాళ్లకే ఫోన్లు చేయించి పాస్‌వర్డ్ అడిగించాను. నలభై మందిలో నలభై మందీ చెప్పేశారు. ఈ రోజు అశోక్ నా ఎదురుగానే కూర్చుని అడగకూడని మాట అడిగాడు. మా కంపెనీ మొత్తానికి ఆ మాట చెప్పనన్నది మీ ఇల్లొక్కటే. సుచరిత ఉద్యోగం ఖాయం. అశోక్‌కే మళ్లీ ట్రైనింగు.”

సుచరిత “ఊఊ” అంది. ఈసారి దాని అర్థం ఎవరూ అడగలేదు.

ఆ నెల నుంచి ఆ కంపెనీలో మీట నొక్కుతున్నా నొక్కకపోయినా, లాగిన్ అయి మూడు గంటలు నిండగానే ఎవరినైనా బయటికి పంపేసే రూలు వచ్చింది; ఉద్యోగులంతా అది తమ ఆరోగ్యం కోసమే పెట్టారనుకుని యాజమాన్యాన్ని మెచ్చుకున్నారు.